ఇంజనుకు కప్పిన గోనె

నా చిన్నప్పుడు మా ఇంట్లో చేప తర్వాత అంత మర్యాద అందుకున్నది మా నాన్న కొన్న పాత వ్యాను. కొల్లేటి చేపను మంచులో వేసి, పైన తడి గోనెలు కప్పి బెజవాడ మార్కెట్టుకు తీసుకెళ్లేవాళ్లం. నన్ను బడికి పంపలేదు. ఆ గోనెలు ఆరిపోకుండా తడపడమే నా పని. అక్షరాలు నాకు పిల్లలు పుట్టాకే వచ్చాయి. ఇది అంతకు చాలా ముందు నేర్చుకున్న సంగతి.

ఆ వేసవిలో ఉన్నట్టుండి బండి కాగడం మొదలైంది. హనుమాన్ జంక్షన్ చేరేసరికి ముందునుంచి ఆవిరి వచ్చేది. అది చల్లారేలోపు వెనక మంచు కరిగిపోయేది. రెండుసార్లు చేప మెత్తబడింది. మళ్లీ ఇలాగే తెస్తే సరుకు దించనివ్వనని మార్కెట్టు షావుకారు తెగేసి చెప్పాడు. అదే జరిగితే బండి అమ్మేసి నాన్న మళ్లీ ఒకరి చెరువు మీద కూలికి పోవాల్సిందే.

మూడోసారీ జంక్షన్లోనే ఆగాం. నాన్న రోడ్డు పక్క షెడ్డులోని మెకానిక్ సాయిబు గారిని పిలుచుకొచ్చాడు. ఆయన కంగారు పడలేదు. వేడి మీద రేడియేటర్ మూత తీయబోయిన నాన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. చల్లారాక చూస్తే నీళ్లు కాస్త తగ్గాయంతే. బెల్టు బిగువుగానే ఉంది, ఫ్యాను తిరుగుతోంది, ఎక్కడా కారడం లేదు. ఇంజనే పోయిందేమోనని నాన్న మొహం పాలిపోయింది. కాగడం మొదలవకముందు బండికి కొత్తగా ఏం చేశావని అడిగాడాయన. ఏమీ లేదండీ అన్నాడు నాన్న. నేను ఊరుకోలేదు.

“గోనెలు కట్టామండీ. నేనే తడుపుతాను.”

నిజమే. ఎండలు ముదిరాయని, చేపకు పనికొచ్చేది ఇంజనుకు పనికిరాదా అని, నాన్న బండి ముందు జాలీకి తడి గోనె కట్టాడు. కాగేకొద్దీ ఇంకోటి కట్టాడు. బానెట్ ఎత్తేటప్పుడు విప్పి వెనక పడేసేవాడు గనక సాయిబు గారి కంట పడలేదు.

ఆయన నవ్వలేదు. వెనక పడున్న తడి గోనె తీసి, మడిచి నాన్న మొహానికి అదిమిపెట్టాడు.

“చల్లగా ఉందా?”

నాన్న తలూపాడు.

“ఊపిరాడుతోందా?”

నాన్న రెండు చేతులతో దాన్ని లాగేశాడు.

“చేప చచ్చింది కాబట్టి కప్పావయ్యా. ఇది తిరిగే బండి, దీనికి గాలి కావాలి. ఇక పో, సరుకు చేర్చుకో.”

ముందు గోనె కట్టకుండానే బయల్దేరాం. బెజవాడలో బెంజ్ సర్కిల్ దాటినా వేడి చూపే ముల్లు పైకి లేవలేదు. చేప గట్టిగానే దిగింది. షావుకారు వంక పెట్టకుండా తూకం వేశాడు.

ఇప్పటికీ ఎవరింట్లో ఏది చెడిందన్నా నేను ముందు అడిగేది సాయిబు గారు అడిగిన ప్రశ్నే, కొత్తగా ఏం చేశారని. మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా అన్నం మానేసి, మాట తగ్గించి, మూల కూర్చుంది. ఇంట్లో తలా ఒక మందు చెప్పారు. ఇంకో ట్యూషన్ పెడితే ధైర్యం వస్తుందన్నాడు వాళ్ల నాన్న. ఈమధ్య దాని మీద కొత్తగా ఏం వేశామని అడిగాను. పొద్దునొకటి, సాయంత్రమొకటి ట్యూషన్లు. రెండూ మాన్పించాను. బడి మొహం చూడని దానివి నీకేం తెలుసన్నారు, ఆ మాటలు పడ్డాను. కొన్నాళ్లకు పిల్ల కంచం ముందు కూర్చుని, కూరలో ఉప్పు చాల్లేదని నాతో పోట్లాట పెట్టుకుంది.