ప్రపంచ మహాసభకు చిటికెడు పసుపు

నారాయణపేట పక్కన నేను పనిచేసిన తపాలా ఆఫీసు ఎంత చిన్నదంటే, లోపల ఒకరు తుమ్మాలంటే మిగతా ఇద్దరు బయటికి వెళ్లాల్సిందే. అలాంటి ఆఫీసును తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఢిల్లీ సలహా అడిగింది.

దేశదేశాల తపాలా శాఖలు ఒకచోట కూర్చుని, ఒకరి ఉత్తరాలూ పార్శిళ్లూ ఇంకొకరి గడ్డ మీద ఎలా నడవాలో తేల్చుకునే మహాసభ ఒకటుంది. అక్కడ మనవాళ్లు ఏం మాట్లాడాలో ముందుగా సర్కారు చూసి, దిద్ది, సరేనంటేనే నోరు విప్పాలి. ఆ దిద్దుబాటుకు ముందు, విదేశీ పార్శిళ్లతో ఇబ్బందులుంటే రాయమని అన్ని ఆఫీసులకూ కాగితం పంపారు. 'అన్ని ఆఫీసులకూ' అన్న ముక్క నేను ఇంట్లో చెప్పలేదు. "ఢిల్లీ నన్ను అడిగింది" అన్నాను.

"అయితే ఇంట్ల కూరగాయల్లేవు, ఏం వండాల్నో గది గూడ ఢిల్లీనే అడుగు," అన్నది మా ఇంటావిడ.

ఏం ఇబ్బంది రాయాలా అని వారం రోజులు బుర్ర గోక్కున్నాను. ఎనిమిదో రోజు ఇబ్బందే నడుచుకుంటూ వచ్చింది. మా వీధిలో మగ్గం నేసే అవ్వ విదేశానికి పంపిన చీర, రెండు సముద్రాలు ఈది, తిరిగి మా బల్ల మీద పడింది. మొక్కలకు సంబంధించిన సరుకు ఉన్నందువల్ల రానివ్వలేదని పైన అంటించారు. విప్పి చూస్తే మడతలో చిటికెడు పసుపు, నాలుగు అక్షింతలు. ఆ ఇంట్లో మగ్గం దిగిన చీరను అవి పెట్టనిదే గడప దాటించరు. పార్శిల్ కట్టిన రోజు నాకు పసుపు వాసన వచ్చింది కూడా. అయినా ఫారంలో 'చీర ఒకటి' అని దర్జాగా రాసింది నేనే.

అవ్వ వచ్చింది. "ఏంది సారూ, గంత దూరం పోయి నా చీర మల్ల గిక్కడికే వచ్చిందా?"

"గింజలతోని పురుగులొస్తయని గాళ్ల ఫికర్ అవ్వా."

"నా అక్షింతలల్ల పురుగులా? తిను సారూ, నా ముంగటనే తిను!"

తిన్నాను. ప్రపంచ తపాలా చరిత్రలో నిషేధిత సరుకును నమిలి తనిఖీ చేసిన మొదటి ఉద్యోగిని నేనే అయ్యుంటాను.

"అక్కడి దుకాణపామె గీ చీర జూసినంకనే ఇంకో పది నెయ్యమంటదట. అందకపోతే మగ్గం ఇప్పేస్తనంటున్నడు మా ముసలాయన," అన్నది అవ్వ, గొంతు తగ్గించి.

"పసుపు లేకుంట పంపుదామవ్వా."

"బోడి చీరనా? నా చేతులతోని కానే కాదు." చీర చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే నాలుగు పేజీలు రాశాను. చిటికెడు పసుపును అన్ని దేశాలూ అనుమతించాలని మన దేశం మహాసభలో గట్టిగా అడగాలని, లేకపోతే భూగోళం మీద శాంతి కష్టమని హెచ్చరించాను. నెలన్నరకు జవాబు వచ్చింది, రెండు వాక్యాలు. ఏ సరుకు రానివ్వాలో ఆయా దేశాల ఇష్టం. నిషేధాల జాబితా చూసుకుని పార్శిల్ తీసుకోవలసింది.

దాన్ని అవ్వకు చదివి వినిపించాను.

"అంటే, గాళ్ల ఇంట్లకు ఏం రావాల్నో గాళ్లిష్టమన్నట్టు."

"అంతే."

"న్యాయమే. నా ఇంట్ల నా మాట నడుస్తలేదా?"

మర్నాడు చీరను దులిపి, ఇస్త్రీ చేయించి తెచ్చింది. మడత మడతా వెతికాను. ఫారంలో 'చీర ఒకటి' అని ఈసారి నిజం రాశాను. పార్శిల్ కుట్టి, ముద్ర వేసి, దూరంగా పెట్టాక అవ్వ కొంగుముడి విప్పింది. అందులో పసుపు.

"చీరకు పెట్టొద్దన్నరు, పెట్టలే. పంపేటోనికి పెట్టొద్దని గా కాయిదంల ఉన్నదా?"

మళ్లీ చదివాను. లేదు. అవ్వ నా నుదుటి మీద బొటనవేలంత బొట్టు పెట్టింది. ఆ పూట వచ్చినవాళ్లంతా నాకు మళ్లీ పెళ్లేమో అనుకున్నారు.

నెల తిరిగేసరికి చీర అందిందని కబురు. మగ్గం విప్పలేదు. ఆ ఏడాది చివర్లో అవ్వ పెద్ద మూటతో వచ్చి, పది చీరలూ బల్ల మీద పేర్చి, కొంగుముడి మీద చెయ్యి వేసి నా నుదుటి వైపు చూసింది.

"పదింటికి జాగా సరిపోతదా సారూ?"

నా జుట్టు వెనక్కి పోతున్నందుకు జీవితంలో మొదటిసారి సంతోషించాను.