వెనక నుంచి చూసే మనిషి

ఆదివారం పొద్దున్నే ఎదురు ఫ్లాట్ పిన్నిగారు మా తలుపు దబదబా బాదారు. తీసేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. "మీ బాబాయి లేవట్లేదే, ఒకసారి రా" అన్నారు. వెళ్ళి చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆ మధ్యాహ్నం మలక్‌పేటలో గుర్రప్పందేలున్నాయి. వేసుకెళ్దామని తీసి పెట్టుకున్న తెల్లచొక్కా కుర్చీకి వేలాడుతూనే ఉంది.

ఆయన నాకు చుట్టం కాదు. ఫిల్మ్‌నగర్‌లో ఈ అపార్ట్‌మెంటుకి మేం కొత్తగా వచ్చినప్పుడు లిఫ్టులో "ఏ ఊరమ్మా మీది?" అని అడిగారు. తెనాలి అనగానే వరస కలిపేశారు. అప్పట్నించీ నాకు బాబాయి, మా అమ్మాయి హారికకి తాతయ్య. సినిమాల్లో ఎడిటరుగా పనిచేసి రిటైరైన మనిషి. నేను డబ్బింగ్ చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి మా ఇద్దరికీ మాటలకి కొదవ ఉండేది కాదు.

ఆయన ఆడిన ఆట ఒక్కటీ లేదు, తీర్పు చెప్పని ఆట కూడా లేదు. ఇరవై ఓవర్ల క్రికెట్టు ఆయన దృష్టిలో బండి దగ్గర నిలబడి తినే టిఫిను. కడుపు నిండుతుంది గానీ తిన్నట్టుండదు అనేవారు. కబడ్డీ చూస్తున్నంతసేపూ కూతకెళ్ళినవాడితో పాటు తనూ ఊపిరి బిగబట్టేవారు, పిన్నిగారు వీపు మీద చరిచేదాకా వదిలేవారు కాదు. చదరంగం చూస్తూ చెమటలు పట్టించుకున్న మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. టీవీ ముందు ఎవరైనా "మనం గెలిచాం" అంటే చాలు, "నువ్వెప్పుడు దిగావయ్యా మైదానంలోకి?" అని ఒంటికాలి మీద లేచేవారు.

ఇక గుర్రాల సంగతి. రేసుల రోజు వస్తే ఆయన ఫోను మోగుతూనే ఉండేది. ప్రొడ్యూసర్ల దగ్గర్నించి వాచ్‌మన్ దాకా ఎవరడిగినా లేదనకుండా ఒక గుర్రం పేరు చెప్పేవారు. అది గెలిచేది కాదు. ఎప్పుడో పొరపాటున తప్ప గెలిచేది కాదు. మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న యాదగిరి ఒకసారి నాతో అన్నాడు: "సార్ చెప్పిన గుర్రం ఇంకా ఉరుకుతనే ఉన్నట్టుంది మేడం. మనమే జర జల్ది ఇంటికొచ్చినం." బాబాయి అది విని అందరికంటే ఎక్కువ నవ్వారు.

నేనూ ఒకసారి ఆయన వెంట వెళ్ళాను. పందేనికి ముందు గుర్రాల్ని గుండ్రంగా నడిపిస్తారు. అందరూ అవి ఎదురొస్తున్నప్పుడు చూస్తుంటే ఈయన అవి దాటిపోయాక చూస్తున్నారు. ఎందుకని అడిగితే, "ముఖాన్ని నమ్మి ఎన్ని రీళ్ళు కత్తిరించానో నాకు తెలుసమ్మా. ముఖం ఎవరైనా నటిస్తారు. వీపుకి ఆ విద్య రాదు" అన్నారు. అది కూడా ఆయన చెప్పే వంద మాటల్లో ఒకటనుకున్నాను.

పోయినేడు యూసుఫ్‌గూడ ఇండోర్ స్టేడియంలో హారికకి బ్యాడ్మింటన్ ఫైనల్. గెలిచినవాళ్ళకి రాష్ట్ర జట్టులో చోటు. నాలుగేళ్ళుగా అది తెల్లవారకముందే లేచి ప్రాక్టీసుకి పరిగెత్తింది ఆ చోటు కోసమే. పొద్దున సెమీస్ గెలిచింది. ఫైనల్‌కి ఇంకాస్త టైముంది. గ్యాలరీలో ఉన్న బాబాయి మెల్లగా మెట్లు దిగి వచ్చారు.

"తల్లీ, ఆ కుళాయి దాకా వెళ్ళి ఈ సీసా నింపుకు రా" అన్నారు హారికతో. సీసాలో నీళ్ళు సగానికి పైనే ఉన్నాయి. అది వెళ్తుంటే ఆయన కళ్ళు చిట్లించి చూశారు. తిరిగి వస్తున్నప్పుడు అసలు చూడనే లేదు. నా పక్కకొచ్చి గొంతు తగ్గించి, "ఆడనివ్వకమ్మా. ఎడమ కాలు దాస్తోంది" అన్నారు.

హారికని పక్కకి పిలిచి "నొప్పిగా ఉందా?" అని అడిగాను. "లేదమ్మా" అని నవ్వింది. అచ్చంగా నవ్వినట్టే నవ్వింది. ఈలోగా మా మాటలు చెవిన పడి కోచ్ పరిగెత్తుకొచ్చాడు.

"ఏంది సార్ గిది? మంచిగ ఆడుతున్న పోరిని బుగులు పెడ్తరా? కాలు జర పట్టేసి ఉంటది, టేప్ ఏస్తం. గిప్పుడు ఆపితే మల్ల ఏడాదిదాంక చాన్స్ రాదు మేడం, సోంచాయించుండ్రి."

మైకులో హారిక పేరు పిలిచారు. అది రాకెట్ పట్టుకుని నా ముఖంలోకి చూస్తోంది. కోచ్ గడియారం చూసుకుంటున్నాడు. నాకేమో ఇన్నేళ్ళలో ఓడిపోయిన గుర్రాలన్నీ వరసపెట్టి కళ్ళ ముందు నడుస్తున్నాయి. ఒకపక్క పిల్ల నాలుగేళ్ళ కష్టం, ఇంకోపక్క ఈయన మాట. ఒళ్ళు మండిపోయింది. "బాబాయ్, మీరు చెప్పింది ఎప్పుడైనా నిజమైందా?" అని నలుగురిలో అనేశాను.

ఆయనకి కోపం రాలేదు. "గెలిచేదాన్ని నేనెప్పుడూ సరిగ్గా చెప్పలేదమ్మా. కుంటేదాన్ని మాత్రం ఎప్పుడూ తప్పు చెప్పలేదు. అది నన్నెవరూ అడగలేదంతే" అన్నారు. మైకులో మళ్ళీ పిలిచారు. ఇంకోసారి పిలిస్తే ఎదుటి పిల్ల ఆడకుండానే గెలిచినట్టు.

నేను నడుచుకుంటూ అధికారుల బల్ల దగ్గరికి వెళ్ళి మా అమ్మాయి ఆడటం లేదని చెప్పాను.

ఆటోలో హారిక నాకు దూరంగా జరిగి కూర్చుంది. బాబాయివైపు చూసిన చూపు మాత్రం నేనిప్పటికీ మర్చిపోలేను. ఇంటికొచ్చి రాకెట్ సంచీ మంచం కిందికి తన్నింది, ఆ తన్నడం కుడికాలితో తన్నింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. కాలు బాగానే ఉందని తేలితే ఈ పిల్ల నన్ను జన్మలో క్షమించదు. బాగాలేదని తేలాలని కోరుకోవడానికి తల్లికి మనసెలా వస్తుంది?

మర్నాడు స్కానింగ్‌లో ఎడమ కాలి ఎముకలో సన్నటి చీలిక కనిపించింది. ఇంకో మ్యాచ్ ఆడి ఉంటే పూర్తిగా విరిగేదన్నాడు ఎముకల డాక్టరు. బాబాయికి చెబుదామని వెళ్తే ఆయన తలుపు తీసే ఉంచుకుని కూర్చున్నారు. "ఈ ఒక్కసారైనా తప్పితే బాగుండునని రాత్రంతా అనుకున్నానమ్మా. పిల్ల ఆడేది కదా" అని కళ్ళు తుడుచుకున్నారు. నేను ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోతే తిట్టారు.

కట్టు విప్పాక హారికని నడిపించే పని ఆయనే తీసుకున్నారు. సాయంత్రాలు ఇద్దరూ కాలనీ రోడ్డు మీద పోట్లాడుకుంటూ నడిచేవాళ్ళు. టెన్నిస్ గొప్పదా, బ్యాడ్మింటన్ గొప్పదా అన్న గొడవ ఈ ఏడాదంతా తెమల్లేదు. ఒకరోజు హారిక ఇంటికొచ్చి, "అమ్మా, తాతయ్య ఎప్పుడూ నన్నే ముందు నడవమంటారు. నేను ఆగితే ఆయనా ఆగిపోతారు. ఎందుకు?" అంది.

అప్పుడు గుర్తుకొచ్చింది నాకు. కొన్ని నెలలుగా మా ఇంటికి వచ్చినా, లిఫ్టు దగ్గర కలిసినా, "నువ్వు పదమ్మా, నేనొస్తా" అనడమే తప్ప ఆయన ముందు వెళ్ళగా నేను చూడలేదు. మర్నాడు గుమ్మంలో పట్టుకుని, "బాబాయ్, ఒక్కసారి ఆ లిఫ్టు దాకా నడిచి రండి" అన్నాను. నవ్వారు. "నా టిప్పు నాకే అమ్ముతావా?" అని తలుపుకి ఆనుకుని కదలకుండా నిలబడ్డారు. నేను ఊరుకోకుండా పిన్నిగారికి చెప్పాను. ఆవిడ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు. గుండె బలహీనంగా ఉందన్నారు, మందులిచ్చారు, ఆయన బుద్ధిగా వేసుకున్నారు కూడా. నడక మాత్రం మాకెవరికీ చూపించలేదు. ఆయన వీపు ఎలా ఉంటుందో మర్చిపోయాం.

ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదని ఎవరో గొణిగారు. పిన్నిగారు ఒప్పుకోలేదు. "అది రావాలి" అని హారిక చెయ్యి పట్టుకుని తెచ్చి బండిలో నా పక్కన కూర్చోబెట్టారు. గేటు దగ్గర బండి ఆపి, అక్కణ్ణించి భుజాల మీద ఎత్తుకున్నారు. బాబాయి ముందు వెళ్తున్నారు, మేమంతా వెనక.

మోసేవాళ్ళలో యాదగిరి ఒకడు. పొట్టివాడు, ఎడమపక్క పట్టాడు. అడుగు పడినప్పుడల్లా పాడె అటువైపు కాస్త ఒరిగి మళ్ళీ లేస్తోంది. హారిక ఏడుపు ఆపేసి, కళ్ళు చిట్లించి, వెనక నుంచి అలాగే చూస్తోంది.

"తాతయ్యకీ ఎడమ కాలేనమ్మా" అంది మెల్లగా.