ఒక పుంజు అని చెప్పిన సోమవారం

మొన్న మంగళవారం గ్రామ సచివాలయం నుంచి ఒక అమ్మాయి ట్యాబ్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఊళ్ళో పశువుల్ని, కోళ్ళని లెక్క రాస్తున్నారట. గేటు దగ్గరే నిలబడి, "కోళ్ళు ఎన్నండి అమ్మమ్మగారూ?" అని అడిగింది. తొమ్మిది అని చెప్పాను. "అమ్మడానికా అండి, తినడానికా?" అంది. రెండూ కాదన్నాను. ఆ అమ్మాయి ట్యాబ్ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, "మరి దేనికండి?" అంది. అరుగు మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా వదినగారు తల ఎత్తకుండానే, "నెత్తిన పెట్టుకోడానికి. ఆ గడి లేదా అందులో?" అన్నారు. లేదట. ఆ అమ్మాయి నవ్వుతూ ఏదో ఒకటి నొక్కి వెళ్ళిపోయింది. ఏది నొక్కిందో నేను చూడలేదు, ఆ సంగతి సాయంత్రం దాకా నన్ను పీకుతూనే ఉంది. తప్పు రాతంటే నాకు అంత పట్టింపు. కానీ ఆ పట్టింపు గురించి గొప్పలు చెప్పుకునే అర్హత నాకు లేదు. ఏడాది కిందట ఇదే గేటు దగ్గర, ఇదే ప్రశ్నకి నేను అబద్ధం చెప్పాను.

మా ఊరు రామచంద్రపురానికి తొమ్మిది కిలోమీటర్ల దూరం. ముప్పై ఆరేళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పాను. హాజరు పట్టీలో రాని పిల్లకి వచ్చినట్టు ఒక్క రోజు కూడా గీత పెట్టలేదు. మా వారు పోయిన నాలుగో నెలలో ఆయన అక్కగారు ఒక ట్రంకు పెట్టెతో దిగి, "ఓ పది రోజులుండి వెళ్తాను" అన్నారు. వచ్చి పదకొండేళ్ళ రెండు నెలలైంది. ఆవిడే మా వదినగారు. ఆవిడ వచ్చిన ఏడే కోళ్ళ గంపలు కట్టుకుపోతున్న మోటారు సైకిలు మీంచి ఒక పెట్ట మా గేటు ముందు జారిపడింది. ఆ మనిషి వెనక్కి చూసుకోలేదు. కుంటుతున్న కోడిని లోపలికి తెచ్చి కాలికి పసుపు కట్టాను. రెండు వారాల్లో నడిచింది, నెలకి గుడ్డు పెట్టింది. దాన్ని కోసుకుందామన్న మాట మా ఇద్దరి నోటా రాలేదు. అలా ఒకటి నాలుగైంది, ఆరైంది. మా వదినగారికి మాత్రం కోళ్ళంటే గిట్టదు. అరుగు మీద రెట్ట వేస్తే ఆవిడ చీపురుతో వెంటపడే తీరు చూసి వీధిలో వాళ్ళు ఆగి నవ్వేవారు. వాటికి పేర్లు పెట్టడం నాకు చేతకాక నంబర్లు ఇచ్చాను, ఒకటి నుంచి ఆరు దాకా. సాయంత్రం గూట్లోకి వెళ్ళేటప్పుడు హాజరు తీసుకునేదాన్ని. ఏ నంబరు ఏ రోజు గుడ్డు పెట్టిందో డైరీలో రాసి, గుడ్డు మీద పెన్సిలుతో తేదీ వేసేదాన్ని. పుంజు ఒక్కటే, దానికి మానిటరు అని పేరు. నూకలు చల్లితే తను తినకుండా పెట్టలన్నిటినీ పిలిచి, అవి తింటున్నంతసేపూ పక్కన నిలబడి కాపలా కాసేది. గుడ్లు మేము తిన్నన్ని తినేవాళ్ళం, మిగిలినవి వీధిలో చంటిపిల్లలున్న ఇళ్ళకి వెళ్ళేవి.

నిరుడు ఫిబ్రవరిలో ఊరి చివర కోళ్ళ ఫారంలో కోళ్ళు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. జబ్బు పేరు టీవీలో చెప్పారు. శనివారం పొద్దున్న మైకు ఆటో వచ్చింది. ఫారం చుట్టూ కిలోమీటరు లోపల ఏ ఇంట్లో కోడి ఉన్నా సోమవారం అప్పగించాలని, మూడు నెలల దాకా ఎవరూ పెంచకూడదని చెప్పుకుంటూ వీధి వీధి తిరిగింది. మా ఇల్లు ఆ కిలోమీటరు లోపలే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక గోడ పక్కావిడ పిలిచింది. నాలుగో తరగతిలో నా దగ్గర చదువుకున్న పిల్లే, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. వాళ్ళకి ఇరవై రెండు నాటు కోళ్ళు. గోడ మీద మోచేతులు ఆనించి, "టీచర్ గారూ, మా ఆడపడుచు వాళ్ళ ఊరు పంపించేద్దామా అని చూస్తున్నానండి. మీరేమంటారు?" అంది. నేను వెంటనే, "తప్పమ్మా. జబ్బు ఆ ఊరికి కూడా పాకుతుంది. అందరి మంచికీ చెప్పినప్పుడు ఇచ్చెయ్యాలి" అన్నాను. "మీరూ ఇచ్చేస్తారాండి?" అంది. "నాకు వేరే రూలు ఉంటుందా?" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నేను నిజమే చెప్పాను. ఇవ్వాలనే అనుకున్నాను.

సోమవారం తెల్ల కోట్లు తొడుక్కున్న నలుగురు పది గంటలకి వచ్చి, ముందు గోడ పక్కింటికి వెళ్ళారు. గోడకి ఇవతల గంప పట్టుకుని నిలబడి ఉన్నాను. కాసేపు రెక్కల చప్పుడు, అరుపులు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. గంప నా చేతిలోనే ఉంది, కాలు కదలలేదు. అప్పుడు మా వదినగారు మూడో నంబరునీ ఐదో నంబరునీ చెరో చంకలో ఇరికించుకుని నా పక్కనుంచి గబగబా సామాన్ల గది వైపు వెళ్తూ, "ఏం చూస్తున్నావ్ మొద్దులా? మిగతావి తోలుకురా" అన్నారు. తోలుకొచ్చాను. ఆరింటినీ లోపల పెట్టాక గుమ్మంలో మానిటరు నిలబడింది, తనూ వస్తానని. వదినగారు నా మొహం చూశారు. "అది కూస్తుంది అమ్మాయ్" అన్నారు, అంతే. పెట్టలని దాచగలం, పుంజుని దాచలేం. నేనే ఎత్తుకున్నాను. చంకలో పెట్టుకుంటే ఎప్పటిలాగే మెడ నా భుజం మీద వాల్చింది. గేటు దగ్గర పశువుల డాక్టరుగారు, కుర్రాడే, మర్యాదగా, "ఎన్నండి మేడమ్?" అన్నారు. "ఒక పుంజు" అన్నాను. "అంతేనాండి?" "అంతే." రాసుకున్నారు. పది నలభై అయింది.

సామాన్ల గది పది అడుగులకి ఎనిమిది అడుగులు. పాత బెంచీ ఒకటి, ఎండు కొబ్బరికాయలు, ట్రంకు పెట్టె. ఉన్న ఒక్క కిటికీ గోడ పక్కింటి వైపే ఉంటుంది. దానికి గోనె సంచులు కొట్టేశాం. నేల మీద ఊక పరిచాం. అప్పటికే ఎండలు మొదలయ్యాయి, మధ్యాహ్నానికి ఆ గది పొయ్యిలా కాగేది. తెల్లారేసరికి లేచి రెట్ట ఎత్తి కొబ్బరి చెట్టు మొదట్లో పూడ్చడం వదినగారి పని, నీళ్ళు మార్చడం నాది. ఇద్దరం కలిసి బయటికి వెళ్ళడం మానేశాం. చర్చికి ఒక ఆదివారం ఆవిడ, ఒక ఆదివారం నేను. ఎవరైనా వస్తే అరుగు మీదే కూర్చోబెట్టి, ఇంట్లో సున్నం వేయిస్తున్నామని ఒక ఇంటికి, వదినగారికి ఒళ్ళు బాగాలేదని ఒక ఇంటికి చెప్పాను. ఏ ఇంటికి ఏది చెప్పానో మర్చిపోకుండా డైరీ వెనక పేజీలో రాసుకోవాల్సి వచ్చింది. అబద్ధాలకి హాజరు పట్టీ పెట్టినట్టయింది. అన్నిటికంటే కష్టం నాలుగో రోజు చూశాను. రెండో నంబరు సిమెంటు నేల మీద ఊకని కాళ్ళతో తోసేసి, ఒరిగి పడుకుని, లేని మట్టిని రెక్కలతో ఒంటి మీద చల్లుకుంటోంది. మట్టి స్నానం చేస్తున్నాననుకుంటోంది. వదినగారు వెళ్ళి తన కనకాంబరాల కుండీ తెచ్చి మట్టి అంతా పళ్ళెంలో ఒంపేశారు, మొక్కలతో సహా.

గుడ్డు పెట్టిన కోడి ఊరుకోదు. పది నిమిషాలు ఊరంతా వినేలా కొక్కొక్కొ అని చాటుతుంది. అది మేము ముందు ఆలోచించలేదు. మొదటి రోజు మూడో నంబరు మొదలుపెట్టగానే వదినగారు పరిగెత్తి మిక్సీ ఆన్ చేశారు. ఆ రోజు నుంచి అదే పద్ధతి. నా డైరీలో పాత లెక్కలుండటం వల్ల ఏది ఏ వేళకి పెడుతుందో దాదాపు తెలుసు. తొమ్మిదింటికి మూడో నంబరు, పదకొండింటికి ఒకటో నంబరు. ఆ వేళకి వదినగారు మిక్సీ పక్కన కుర్చీ వేసుకుని సిద్ధంగా ఉండేవారు. ఖాళీ మిక్సీ మూడో రోజుకే కాలిన వాసన కొట్టింది. తర్వాత నుంచి ఏదో ఒకటి వెయ్యక తప్పలేదు. కందిపచ్చడి, కొబ్బరి పచ్చడి, నువ్వుల పొడి, మళ్ళీ కందిపచ్చడి. "ఈ కోళ్ళు బతికి బయటపడేలోగా నేను పచ్చళ్ళు తిని పోయేలా ఉన్నానే" అన్నారు వదినగారు.

ఎనిమిదో రోజు నాలుగో నంబరు మేత ముట్టలేదు. మూల ఒదిగి, ఒళ్ళంతా ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసుకుంది. ఆ జబ్బు వచ్చిందే అనుకున్నాను. డాక్టరుగారికి ఫోను చేస్తే ఆరూ పోతాయి. చెయ్యకపోతే వదినగారికి ఏమవుతుందో, వీధిలో చంటిపిల్లలకి ఏమవుతుందో. ఫోను చేతిలో పట్టుకుని ఆ గది గుమ్మంలో నిలబడి, లోపలికీ వెళ్ళలేక బయటికీ రాలేక, వదినగారిని దగ్గరికి రావద్దని అరిచాను. ఆవిడ వినలేదు. ముక్కుకి కొంగు కట్టుకుని వెళ్ళి, కోడి కింద చెయ్యి పెట్టారు. అది గుర్రుమని పొడిచింది. "జబ్బూ లేదు, నీ మొహమూ లేదు. పొదగడానికి కూర్చుంది" అన్నారు. నేను పుంజు లేని ఇంట్లో ఏం పొదుగుతుందన్నాను. "పుంజు పోయినా వారం పది రోజుల దాకా గుడ్డులో జీవం ఉంటుంది. పల్లెటూళ్ళో పెరిగాను, నాకు చెప్తావా? ఏ గుడ్డు ఏ రోజుదో నీ దగ్గరుందిగా, తే" అన్నారు. పెన్సిలు తేదీలు చూసి, మానిటరు వెళ్ళడానికి ముందు మూడు రోజులవీ, తర్వాత ఐదు రోజులవీ తొమ్మిది ఏరాను. ఆ పని ఎందుకు చేశానని ఇప్పుడడిగినా చెప్పలేను. దాచినవే ఎక్కువై మేము ఊపిరాడకుండా ఉంటే, ఇంకా పుట్టించడానికి కూర్చున్నాం. పొదగేసిన ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం ఏడు పిల్లలు లేచాయి. ఒకదానికి మానిటరు మెడ మీద ఉన్న ఎర్ర మచ్చే.

మాకు ఏ జబ్బూ రాలేదు. అది మా తెలివి కాదు, అదృష్టం. రాకపోబట్టే ఇప్పుడు ఇలా నవ్వుతూ రాయగలుగుతున్నాను.

మూడు నెలలయ్యాక మళ్ళీ మైకు ఆటో వచ్చింది, ఇక పెంచుకోవచ్చని. తలుపు బార్లా తీశాం. కోళ్ళు గుమ్మం దాకా వచ్చి ఎండ చూసి ఆగిపోయాయి. బయటికి రావడానికి ముప్పావుగంట పట్టింది. ఆ సాయంత్రం నాలుగు పిల్లల్ని గంపలో పెట్టుకుని గోడ పక్కింటికి వెళ్ళాను. చెప్పాలనుకున్న మాటలు నాలుగుసార్లు మనసులో అప్పజెప్పుకున్నాను, ఇన్‌స్పెక్షనుకి ముందు పిల్లలు పద్యం అప్పజెప్పుకున్నట్టు. గుమ్మంలో గంప దించి, "నేను దాచానమ్మా. నిన్ను ఇచ్చెయ్యమని, నేను దాచుకున్నాను" అన్నాను.

ఆవిడ బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. "తెలుసండి టీచర్ గారూ" అంది. "ఇద్దరు మనుషులకి రోజూ తొమ్మిదింటికీ పదకొండింటికీ ఏం రుబ్బుతారండి?"

"మరి చెప్పలేదేం?" అన్నాను.

"ఎవరికి చెప్పనండి? చెప్తే మావి వస్తాయా?" అంది. చేట పక్కన పెట్టి, "మొదట్లో మా ఆయన గొడవ చేశాడండి, ఫోన్ చేస్తానని. నేనే వద్దన్నాను. మిక్సీ ఆగాక కొంచెంసేపు మీ కోడి గొంతు వినబడేదండి. మా చిన్నది మనదేమో అని పెరట్లోకి పరిగెత్తేది రోజూ" అంది. గంప వంక చూసింది. ఎర్ర మచ్చ పిల్ల తల బయటపెట్టి ఆవిడ బియ్యం వంక చూస్తోంది. రెండు గింజలు వేసింది. "తీసుకెళ్ళిపొండి. మళ్ళీ పెంచలేనండి. మీరు చెప్పారని నేను వాటిని నా చేత్తో పట్టిచ్చాను" అంది.

కోపంగా అనలేదు. అనుంటే నాకు తేలికగా ఉండేది. గంప తెచ్చేసుకున్నాను. వదినగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. గంప బరువు తగ్గలేదని చూసి ఒక చివర పట్టుకున్నారు.

నలభై మూడు రోజుల తర్వాత ఒక గురువారం గోడ పక్కావిడ కూతురు కరివేపాకు కోసమని మా పెరట్లోకి వచ్చింది. కరివేపాకు వాళ్ళింట్లోనూ ఉంది. ఆ పిల్ల వచ్చిన పది నిమిషాలకి కూతుర్ని పిలవడానికని తల్లి వచ్చింది. పిలవలేదు. ఇద్దరూ కొబ్బరి చెట్టు కింద నిలబడి, కోడిపిల్లలు మట్టి చిమ్ముకుంటుంటే చూశారు. నేను లోపలే ఉండిపోయాను. మా పదమూడులో నాలుగు ఆ తర్వాత గోడ దాటాయి. ఆ మూడు నెలల్లో ఏ రోజు ఏం జరిగిందో అడిగితే ఇప్పటికీ గంటతో సహా చెప్పగలను. గోడకి అవతల ఆవిడకి అవే రోజులు ఎంత పొడుగ్గా గడిచాయో మాత్రం నా డైరీలో ఎక్కడా లేదు.