బానెట్ కింద యాంగిళ్లు

2023 జూలై. విజయనగరంలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో టెస్టింగ్ ల్యాబ్ చూసుకునేది నేనే. నాకప్పటికి అరవై ఆరేళ్లు. బండి ఢీకొంటే నడిచేవారి తల ఎక్కువగా బానెట్‌కే తగులుతుంది. రేకు లోపలికి నొక్కుకుపోతే తల దక్కుతుంది. దీన్ని తేల్చడానికి హెడ్‌ఫామ్ వాడతాం. అది రబ్బరు తొడుగున్న లోహపు తల. పిల్లలదైతే మూడున్నర కిలోలు. 4.82 మీటర్ల పైనుంచి వదిలితే గంటకు ముప్పయ్యైదు కిలోమీటర్ల వేగంతో తగులుతుంది. తలకెంత ప్రమాదమో చెప్పే అంకె హెచ్.ఐ.సి. అది వెయ్యి దాటకూడదు.

గరివిడిలో బడిపిల్లలను తిప్పే అప్పన్న పదకొండో తేదీన తన జీపు తెచ్చాడు. బానెట్ వల్ల పిల్లలకు ప్రమాదం లేదని స్కూలువాళ్లు కాగితం అడిగారట. హెడ్‌ఫామ్‌ను వదిలే మా స్టాండు సులువుగా నిలిచేది బానెట్ నడిమధ్యనే కాబట్టి అక్కడే వదిలాను. 640 వచ్చింది. సంతకం చేసి ఇచ్చాను.

మర్నాడు ఎనిమిదీ పదికి థాంక్స్ చెప్పడానికి ఫోన్ చేశాడు.

"నా బానెట్టు గట్టిదని నాకు తెల్సమ్మా. కళింగపట్నంలో మూడేళ్లు సేపల గంపలు మోసినాది. కింద ఇనప యాంగిళ్లు ఏయించినాను కదా."

"ఎక్కడ?"

"నడిమిన కాదమ్మా. అటొకటి, ఇటొకటి."

రేకు కింద ఇనుముంటే అది నొక్కుకోదు. నేను బానెట్ ఎత్తి చూడనేలేదు. బండి ఆపమన్నాను.

"పిల్లలు ఎక్కేసినారు. మజ్జిదారిలో ఏటి సేయమంటారు?"

మెల్లగా నడపమని, దిగిన ఏ ఒక్కరినీ జీపు ముందునుంచి దాటనివ్వవద్దని చెప్పాను. పద్నాలుగు మంది పిల్లలు. బడి ఇంకా ఆరు కిలోమీటర్లు. గడియారం కిందే కూర్చున్నాను. ఫోన్ మోగితే తీయాలన్నా భయమే, మోగకపోతే ఇంకా భయం. తొమ్మిదికి రెండు నిమిషాలుండగా చేశాడు. అందరూ దిగారు.

మధ్యాహ్నం జీపు తెచ్చాడు. ఈసారి యాంగిల్ మీదికి వదిలాను. చప్పుడే వేరుగా వచ్చింది. రేకు సొట్ట పడలేదు, హెడ్‌ఫామ్ రబ్బరు చీలింది. అంకె 2,910.

అప్పన్న ఆ చీలికను వేలితో తడిమాడు.

"ఇది ఎంత పిల్ల తలమ్మా?"

"ఆరేళ్ల పిల్లది."

"మా పాప మంగకి ఆరేళ్లే. రోజూ నాకు టాటా సెప్పి, బండి ముందునుంచే దాటతాది."

మా వర్క్‌షాపులోనే యాంగిళ్లు కోయించి, అవి తీసేవరకు పక్కనే నిలబడ్డాడు. హెడ్‌ఫామ్‌కు కొత్త తొడుగు వేసి మళ్లీ అదే చోట వదిలితే 715 వచ్చింది. పాత కాగితం వెనక్కి తీసుకుని కొత్తది రాసిచ్చాను.

అప్పటినుంచి ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తి చూస్తాను, ఇంతకుముందు ఏం మోసిందని అడుగుతాను. స్టాండు ఎక్కడ నిలుస్తుందని కాదు, నాకెక్కడ భయం వేస్తుందో అక్కడ మొదట వదులుతాను. అంకె తక్కువ వస్తే ఇప్పటికీ నమ్మకం కుదరదు. జానెడు పక్కకు జరిపి మళ్లీ వదులుతాను.