మార్తమ్మ పొయ్యి

మార్తమ్మ మిషన్ బడిలో చదువు నేర్చుకుంది కానీ, బైబిలు తప్ప మరో పుస్తకం పట్టి ఎరగదు. 1936లో కొల్లేటి పల్లెల్లో కలరా సోకి ఆమె కూతురు లిడియా పోయింది. పాస్టరుగారు దేవుడి చిత్తమన్నారు. ఆ మాటతో ఏం చేసుకోవాలో మార్తమ్మకు తెలియలేదు. పొయ్యి ముట్టించడం మానేసి గోడకు చేరగిలబడి కూర్చుంది.

ఏలూరు కాలవలో పుస్తకాల పడవ తిరిగేది. ఆ ఏడు పడవాయన ఊరూరా కలరా పుస్తకం పంచుతుంటే, భర్త బాలస్వామి ఒకటి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. జబ్బు నీళ్లలో ఉంటుందనీ, మరిగిస్తే చస్తుందనీ అందులో ఉంది.

కుండలో కొల్లేటి నీళ్లు నింపింది తనే. మార్తమ్మ ఆ పేజీ దగ్గర కుమిలి కుమిలి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచీ చదివింది. దేవుడి చిత్తాన్ని మార్చడం తన వల్ల కాదు. నీళ్లు మరగబెట్టగలదు.

మర్నాడు తన పొయ్యి వెలిగించింది. తర్వాత ఇంటింటికీ వెళ్లి పుస్తకం చదివి వినిపించింది. పుల్లలు దండగన్న వాళ్లతో పోట్లాడి, వాళ్ల పొయ్యిలూ తనే రాజేసింది.

చివరికి పాస్టరుగారి గుమ్మం ఎక్కింది.

"గుడికి రావడం మానేశావేమ్మా?" అన్నారాయన.

"అది తర్వాత చెబుతానండీ. ముందు మీ కుండలోవి మరగబెట్టిన నీళ్లేనా?"