ఖాళీ శంఖానికి బేరం

పలాసలో మాది మూడు తరాల కొట్టు. అందుకే సముద్రపొడ్డున కూడా బేరంలో గెలిచి చూపించాను! మా అమ్మాయి పెంచుకుంటానంటే, శంఖాల్లో కాపురముండే పీతలు రెండు కొన్నాను.

"పెరిగితే ఇల్లు సాలదు బాబూ. ఇరవై ఇచ్చి రెండు ఖాళీ శంఖాలు కూడా ఒట్టుకెల్లు, లేకుంటే కొట్టుకు సత్తాయి," అంది అమ్మిన అవ్వ.

"ఉత్త పెంకులకి ఇరవయ్యా? ఎవరికి చెబుతావు!" అని ఎగతాళి చేసి వచ్చేశాను.

నెల తిరక్కుండానే ఒక పీత రెండోదాన్ని బయటికి లాగేసి, దాని శంఖంలో దూరింది. మెత్తని ఒంటితో బయటపడ్డ పీత మా కళ్ల ముందే చచ్చిపోయింది.

"ఇరవై రూపాయల కాడ దాన్ని సంపేసినావు నాన్నా!" అని అమ్మాయి అరిచింది.

నేను అవ్వని తిట్టాను, బతికిన పీతనీ తిట్టాను. ఇప్పుడు నా మీదే ఒళ్లు మండుతోంది. నికర లెక్క ఇది: ఒక ప్రాణం, అమ్మాయి మాట్లాడని పది రోజులు. ఆ నష్టంలో అవ్వ వాటా పైసా లేదు, మొత్తం నాదే.