అంబాసిడర్, ఫియట్, ఒక బిందె నీళ్లు

మా ఊరి ఇస్త్రీ బండి ఆయనకు గంజి విషయంలో నిగ్రహం లేదు. చొక్కా ఇస్తే అట్ట తిరిగొచ్చేది. ఎంపీటీసీకి నామినేషన్ వేసే రోజున మా నాయన అలాంటి అట్ట తొడుక్కుని, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల్సిన స్థితిలో బయల్దేరాడు. మూడు గంటల్లోపు కళ్యాణదుర్గం మండలాఫీసులో కాగితాలివ్వాలి. దాటితే ఐదేళ్లు ఆగాలి.

ఏ కారులో పోవాలన్నది వారంనాటి గొడవ. నాయనది అంబాసిడర్, మా మామది ఫియట్. రెండూ నాకంటే పెద్దవి. డిగ్రీ చదివానని తీర్పు నాకు వదిలారు. నోటుపుస్తకంలో గళ్లు గీశాను. ఇంజను అంబాసిడర్‌ది 1489 సీసీ, ఫియట్‌ది 1089. గేర్లు రెండింటికీ నాలుగే, రాడ్డు స్టీరింగు పక్కనే. గతుకుల్లో కింద రాయి తగలనిది అంబాసిడర్, సందులో చప్పున తిరిగేది ఫియట్. మైలేజీ యజమానులు చెప్పిందే రాశాను. అది నిజమైతే రెండు బళ్లూ పెట్రోలు తయారుచేస్తున్నట్టే.

అంబాసిడర్ గెలిచింది. నామినేషన్ ప్రతిపాదించే ఆయనతో, వెంట వచ్చేవాళ్లతో కలిపి ఏడుగురం ఎక్కాం. నీళ్లెంత తాగుతుందనే గడి నేను గీయలేదు. రేడియేటరుకు చిల్లు పడితే నాయన పసుపు పోసి పూడ్చాడనీ, అది బాగైందని రెండేళ్లుగా నమ్ముతున్నాడనీ నాకు దారిలో తెలిసింది.

ఇంకా ఎనిమిది కిలోమీటర్లుండగా బానెట్టులోంచి ఆవిరి లేచింది. వెంట తెచ్చిన క్యాను అప్పటికే ఖాళీ. టైము రెండుంబావు. తర్వాతి బస్సు మూడున్నరకు.

"నా ఫియట్టయింటే ఈపాటికి ఆఫీసు కాడ టీ తాగుతాంటిమి," అన్నాడు మామ.

"నీ ఫియట్టులో ఇంతమందిమి పట్టల్లంటే నిన్ను డిక్కీలో కుక్కల్ల."

"కుక్కు బావా. ఈ ఎండ కంటే డిక్కీ నయం."

నాయన కాగితాల కవరు చంకలో పెట్టుకుని గడియారం చూశాడు. రెండూ ఇరవై.

రోడ్డు పక్కనే ఊరు. అక్కడికి ట్యాంకరు రెండు రోజులకోసారి వస్తుంది, ఇంటికి నాలుగు బిందెలు. వంతు నిలబడి నింపుకున్న బిందెతో ఒకావిడ మా వైపే వస్తోంది. ఆ ఊరి ఓట్లూ మాకు కావాల్సినవే.

"అమ్మా, ఆ బిందె నీళ్లియ్యి. బండి ఉడికిపోయుండాది," అన్నాడు మామ.

"యాడికప్పా అంత తొందర?"

"మా బావ ఎలక్షన్లో నిలబడతాండాడు. మూడింటికల్లా నామినేషన్ ఎయ్యల్ల."

నాయన చేతులు జోడించాడు. ఆవిడ బిందె దించలేదు. ఆవిరి కక్కుతున్న కారును చూసింది, నాయనను తలనుంచి చెప్పులదాకా చూసింది.

"ఇంగా నిలబడనే లేదు, మా బిందె మీద చెయ్యేస్తాండారు. గెలిస్తే మాకేం మిగిలిస్తారప్పా?"